సత్యమునకు గుత్తదారులెవరు?





గత శివరాత్రికి వారము దినముల ముందు ఒకనాటి సాయంకాలము, దెందులూరులో మా యింటి అరుగుమీద కూర్చుండి పరీక్ష కాగితములు దిద్దుకొనుచుంటిని. ఒకప్పుడు నావద్ద తెలుగు చదువుకొన్న అబ్బాయి యొకడు వచ్చి నమస్కరించెను. మన లింగధారుల కుటుంబమువాడే. హైదరాబాదులో కంప్యూటరు కంపెనీలో ఉద్యోగము. తండ్రి లింగైక్యము చెంది మూడేండ్లయినది. వాని వెనుకనే తల్లియు వచ్చినది. కూర్చుండుమన్నను కూర్చుండక స్తంభము ప్రక్కన నిలిచి, “మాష్టారండీ, మీ మాటైతే వింటాడు. మెడలో లింగం తీసేస్తానంటున్నాడు. మీరైనా చెప్పండి” అని కన్నీరు పెట్టుకొన్నది.

“తీసేస్తాననలేదమ్మా. తీసెయ్యాలా అని అడుగుతున్నానంతే” అని అబ్బాయి తల వంచుకొనెను.

సంగతి యేమనగా, తోటి ఉద్యోగి యొకడు వానిని ఆదివారములందు ఒక ప్రార్థనామందిరమునకు తీసికొని పోవుచుండెను. అది యేసుక్రీస్తు కడవరి దినముల పరిశుద్ధుల సంఘమువారిది. లోకము వారిని మార్మనులని పిలుచును. తెల్లచొక్కాలు ధరించి, జేబుపై పేరుపలకలు పెట్టుకొన్న యిద్దరు యువకులు వీనితో మిక్కిలి మర్యాదగా మాటలాడి, భూమిమీద సత్యమైన సంఘము తమదొక్కటేయని చెప్పిరట. వాడు దానిని మనసులో పెట్టుకొని ఆరు మాసములు వేగినాడు. “మాష్టారూ, ఒక్క మతమే నిజమని ఎవరైనా అంటే, అది నిజం కావడానికి వీలుందా? వీల్లేదంటే మరి మనది నిజమని మనమెందుకు అనుకుంటున్నాం?” అని నన్ను సూటిగా అడిగినాడు.

నేను వెంటనే నదులన్నియు సముద్రమునే చేరును గదా నాయనా అంటిని. సభలలో నేను పలుమారులు చెప్పిన మాటయే యిది. వినువారు తలలూపుదురు. ఈ అబ్బాయి తలయూపలేదు. “అట్లా అంటే, వాళ్ళ మతం గురించి వాళ్ళకంటే మీకే ఎక్కువ తెలుసని చెప్పినట్టు కాదా మాష్టారూ? వాళ్ళేమో మా నది వేరే సముద్రానికి పోతుందంటున్నారు” అనెను. ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన నాకు ఆ అరుగుమీద మాట తోచలేదు. శివరాత్రినాడు రమ్మని పంపివేసితిని. ఆ వారము దినములలో నేను చదివినదియు, తలపోసినదియు, శివరాత్రినాడు జరిగినదియు మీ ముందుంచుచున్నాను.

పరమతమును గూర్చి మాటలాడవలెనన్న ముందు దానిని ఆ మతస్థులు చెప్పుకొను తీరుననే వినవలెను. జోసెఫ్ స్మిత్ అనునతడు అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున ఒక రైతు కుటుంబములో పెరిగెను. ఆ ప్రాంతమున అప్పుడు క్రైస్తవములోని పలు శాఖలవారు ఒకరినొకరు ఖండించుకొనుచు జనమును తమ తమ వైపునకు లాగుకొనుచుండిరి. 1820లో, పదునాలుగేండ్ల ప్రాయమున, వీటిలో ఏది నిజమని అడుగుటకు చెట్లతోపులోనికి పోయి ప్రార్థించితిననియు, దేనిలోను చేరవద్దని తనకు ప్రత్యుత్తరము వచ్చినదనియు అతడు తరువాత వ్రాసికొనెను. 1830లో మార్మను గ్రంథమును ప్రకటించెను. ఆ యేడే ఏప్రిల్ 6వ తేదీన సంఘమును స్థాపించెను. అపొస్తలుల తరువాత దైవాధికారము లోకమునుండి తొలగిపోయినదనియు, అది మరల తమకే యీయబడినదనియు ఆ సంఘమువారి విశ్వాసము. చూడుడు, మా అబ్బాయి అడిగిన ప్రశ్నయు ఆ పదునాలుగేండ్ల బాలుడు అడిగిన ప్రశ్నయు ఒక్కటే. అడుగుట తప్పని నేనెట్లనగలను?

వారు మన తెలుగువారికి క్రొత్తవారు గారు. హైదరాబాదు మూలములుగల ఎడ్విన్ ధర్మరాజు దంపతులు సమోవా ద్వీపములలో ఆ సంఘమున చేరి, 1978 డిసెంబరులో హైదరాబాదునకు వచ్చి తమ బంధువులకు బోధించిరి. వారి గ్రంథము తెలుగులోనికి వచ్చినది. రాజమహేంద్రవరమునను వారి సంఘము కలదు. బెంగుళూరులో దేవాలయము కట్టింతుమని 2018లో ప్రకటించిరి. మద్యము, పొగాకు మాత్రమే గాక కాఫీ, తేనీరును కూడ వారు ముట్టరు. ఈ నియమము 1833నాటిది. మన యిండ్లలో లింగము ధరించియు సాయంకాలము సారాదుకాణము దారి పట్టువారిని ఎరిగిన నేను ఆ నియమమును చులుకన చేయలేను.

మా అబ్బాయి మనసును లాగినది మాత్రము వేరొకటి. వారి దేవాలయములలో భార్యాభర్తలను, తల్లిదండ్రులను, బిడ్డలను శాశ్వతముగా ఒకరితో నొకరిని ముడివేయు సంస్కార మొకటి కలదు. తమ సంఘమును గూర్చి వినకయే చనిపోయినవారి కొరకు బ్రతికియున్నవారు జ్ఞానస్నానము పొందు ఆచారమును కలదు. ఆ చనిపోయిన ఆత్మ దానిని అంగీకరింపవచ్చును, కాదనవచ్చును అని వారు చెప్పుదురు. తండ్రిని పోగొట్టుకొన్న పిల్లవాని చెవిని ఈ మాట పడినచో వాడు ఊరకుండునా? ఆ మాట విన్నంతనే తల్లి నిలిచినచోటనే కూలబడినది. “ఆయన చేతిలో లింగం పెట్టి కూర్చోబెట్టి సమాధి చేశాం గదండీ. లింగంలో కలిసిపోయిన మనిషికి మళ్ళీ ఎవరో స్నానం చేయించడమేమిటండీ?” అని ఆమె అడిగినది.

నాకు ఆ తల్లి ప్రశ్నయే పెద్దదిగా తోచినది. ఎవ్వరును వెలుపల మిగిలిపోరాదను ఔదార్యము ఆ ఆచారములో లేకపోలేదు. అయినను, లింగైక్యుడైన ఆ పెద్దమనిషి ఇంకను వెలుపలనే నిలిచియున్నాడను తలంపు దాని అడుగున కలదు. సత్యము మావద్దనే కలదనుమాట బ్రతికినవారితో ఆగదు. అది సమాధులదాక నడచును.

అట్లని ఆ సంఘము కదలని రాయి గాదు. మహమ్మదు, కన్ఫ్యూషియసు, సోక్రటీసు వంటివారును దైవకాంతిలో కొంత పొందినవారేయని ఆ సంఘపు పెద్దలు 1978 ఫిబ్రవరిలో ప్రకటించిరి. నూరేండ్లకు పైగా నల్లజాతి పురుషులకు నిరాకరించిన యాజకత్వమును అదే సంవత్సరము జూనులో వారికిని తెరచిరి. మా ఏలూరు ప్రాంతమున అధికముగానున్న కథోలికుల సభయు, 1965లో వాటికన్ మహాసభలో, ఇతర మతములలోని సత్యమును పవిత్రమును తాము తిరస్కరింపమని తెల్పినది. సంపూర్ణ సత్యము కలదనుకొన్నవారు నిన్న కనబడనిది నేడు కనబడినదని ఒప్పుకొనుచుండుటను నేను ఎగతాళి చేయను. మారగలుగుట పెద్దరికము. కాని నేడు కనబడనిది రేపు కనబడవచ్చునను సంగతియు అందుండియే తెలియుచున్నది గదా.

ఇంతవరకు వ్రాసి కలము మూసియుంటినేని నాకు హాయిగానుండెడిది. ఎదుటివాని దోషము వెదకుటలో నిద్ర చక్కగా పట్టును. నాకు పట్టలేదు. లేచి అలమరనుండి పాల్కురికి సోమనాథుని గ్రంథములు రెండును దించితిని.

సోమనాథుడు మనకు బసవపురాణము నిచ్చిన మహనీయుడు. ఆయన తెలుగు చదువని దినము నాకు చప్పగా నుండును. అయినను ఆయన పుటలలో “భవి” అను మాట ఎన్నిమార్లు వచ్చునో, ఏ స్వరముతో వచ్చునో మీకు తెలియనిది గాదు. లింగము లేనివాడు భవి. భవితో మాటలాడరాదు, వానియింట భుజింపరాదు, వాని ముఖము చూడరాదు. పండితారాధ్యచరిత్రలో ద్రాక్షారామమువాడైన మల్లికార్జున పండితుడు చందవోలులో వెలనాటి చోడరాజు సభయందు బౌద్ధాచార్యునితో వాదించిన కథ కలదు. తరువాత పండితుని శిష్యులు ఆ ఆచార్యుని చంపిరనియు, రాజు పండితుని కన్నులు తీయించెననియు, శివానుగ్రహమున చూపు మరల వచ్చెననియు కథ. మన పెద్దలు ఈ కథను చెప్పునపుడు చూపు వచ్చిన ఘట్టమునొద్ద గొంతు పెంచుదురు. హత్యయొద్ద గొంతు తగ్గింపరు. నేనును తగ్గించినవాడను గాను. నాయెదుట కూర్చున్న పిల్లలు చప్పట్లు కొట్టుచుండిరి. ఈ శివరాత్రికి ముందు రాత్రి మొదటిసారిగా అనుకొంటిని: ఆ బౌద్ధునకును ఒక తల్లి యుండును. వాదమున గెలిచిన సత్యమునకు కత్తితో నేమి పని?

మరియొక సంగతి చెప్పుటకు సిగ్గగుచున్నది. నా ఎనిమిదవయేట వేసవిలో, తోటి పిల్లవాని యింట దాహమునకు మంచినీళ్ళు త్రాగి వచ్చితిని. వారు చర్చికి పోవువారు. మా మామ్మకు తెలిసి నూతివద్ద నిలువున నీళ్ళుపోసి, విభూతి పెట్టి, ఆ పిల్లవాడు వినుచుండగనే “భవి ఇంటి నీళ్ళు తాగొచ్చాడు” అని వీధి అంతయు వినబడునట్లు అన్నది. ఆ పిల్లవాడు మరల మా గుమ్మము త్రొక్కలేదు. మా మామ్మ దుష్టురాలు గాదు. ఆకలితో వచ్చినవానిని ఊరక పంపినది లేదు. తన లింగమును కాపాడుకొనుచున్నాననియే అనుకొన్నది. ఇదియంతయు తెలిసియు, మార్మనులు తమదే సత్యమందురట అని నేనెట్లు ముక్కున వేలు వేసికొందును?

శివరాత్రినాటి ఉదయము అబ్బాయి వచ్చినాడు. వాని మోటారుసైకిలుమీద కామవరపుకోట దారిన గుంటుపల్లికి పోతిమి. మీలో చూచినవారు కలరు. జీలకర్రగూడెము కొండమీద క్రీస్తునకు పూర్వమునాటి బౌద్ధుల గుహలు. అందొకటి గుండ్రని చైత్యము. లోపల కప్పునకు కట్టెవాసముల పోలికగా రాతినే చెక్కినారు. నడుమ కొండనుండియే మలచిన స్తూపము. అది బుద్ధభిక్షువులు ప్రదక్షిణము చేసిన రాయి. ఎన్నడో భిక్షువులు వెడలిపోయిరి. తరువాత వచ్చిన మన జనము ఆ గుండ్రని రాతిని చూచి శివలింగమనిరి. పేరు ధర్మలింగేశ్వరుడు. ఆ దినమున ముసలమ్మ యొకతె వచ్చి, రెండు మారేడు దళములు పెట్టి, దండముపెట్టుకొని పోయినది.

“ఇది స్తూపమా, లింగమా మాష్టారూ?” అని అబ్బాయి అడిగినాడు.

“చెక్కినవానికి స్తూపము. ఆమెకు లింగము” అంటిని.

“అంటే రెండూ నిజమేనా? రెండు మాటలు ఒకదానికొకటి ఎదురైతే రెండూ నిజమెట్లా అవుతాయి?”

వాడు మరల నన్ను నదుల ఉపమానమునొద్దకే తరుముచుండెను. ఈమారు నేను పారిపోలేదు. కావు నాయనా, అన్నిమాటలు నిజము గానేరవు. చనిపోయినవాడు మరల జన్మించుననువాడు ఒకడు, జన్మింపడనువాడు ఒకడు. ఇద్దరును సరి గాజాలరు. చెక్కినవాడు స్తూపముగానే చెక్కినాడు. అది చరిత్ర. ఆ ముసలమ్మ చరిత్ర తెలియక పొరబడినది. కాని ఆమె వంచిన తల పొరబాటా? దానిని నేనును నీవును కొలువగలమా? సత్యము ఒక్కటియే కావచ్చును. దానిని పట్టుకొన్నామను మన చేతులు మాత్రము చిన్నవి. అందెవరో పొరబడియే యుందురు. ఆ పొరబడినవారు మనమే కావచ్చును. ఈ మాట పైకనుటకు నాకు గొంతు తడియారినది, దాచుకొనను.

ఆ కొండమీద చింతచెట్టు నీడన వానికి కల్యాణమును గూర్చి చెప్పితిని. బిజ్జలుని భాండాగారమును చూచుకొనుచు బసవన్న నడపిన అనుభవమంటపమునకు పడవ నడపు చౌడయ్య వచ్చెను, బట్టలుతుకు మాచయ్య వచ్చెను, త్రాళ్ళు పేను చందయ్య వచ్చెను, చెప్పులు కుట్టు హరళయ్య వచ్చెను, అక్క మహాదేవి వచ్చెను. వారిలో పెక్కుమంది తమ వచనముల చివర శివుని తమ కిష్టమైన పేర పిలిచిరి. బసవన్నకు కూడలసంగమదేవుడు. అక్కకు చెన్నమల్లికార్జునుడు. అల్లమప్రభువునకు గుహేశ్వరుడు. నా అంకితమే నిజమైనది, నీది మార్చుకొమ్మని బసవన్న ఒక్కరినైనను అడిగినట్లు లేదు. అల్లమప్రభువు బసవన్ననే నిలదీసి ప్రశ్నించువాడు. అయినను మంటపమున పెద్ద ఆసనము అల్లమునిదే. మన తెలుగున చూడుడు: మల్లికార్జున పండితుడు వేదమును, బ్రాహ్మణాచారమును విడువలేదు. బసవన్న వాటిని విడిచెను. పండితుడు బసవన్నను చూడవలెనని బయలుదేరి, దారిలోనే ఆయన లింగైక్యవార్త విని దుఃఖించెనని కథ. సోమనాథు డొక్కడే ఇద్దరి చరిత్రలను వ్రాసినాడు. మనయింటిలోనే రెండు పొయ్యిలు వెలిగినవి, రెండింటిమీదను అన్నము ఉడికినది.

అట్లని శరణులు ఏదైనను సరియే అన్నవారు గారు. ఈ సంగతి మరువరాదు. జంతుబలి తప్పనిరి. పుట్టుకచేత ఒకడెక్కువ, ఒకడు తక్కువ అనుట తప్పనిరి. కష్టపడక తినుట తప్పనిరి. బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెను హరళయ్య కుమారున కిచ్చిన పెండ్లికి వారు చెల్లించిన వెల ప్రాణములు. వారు పరీక్షించినది ఎదుటివాని దేవుని పేరును గాదు, వాని నడతను. ఏ సంఘమైనను, మనదైనను, మార్మనులదైనను, వచ్చినవానిని మునుపటికంటె దయగలవానిగా చేయుచున్నదా, వానిని కన్నతల్లినుండి విడదీయుచున్నదా? ఇది అడుగుటకు మనకు హక్కు కలదు. మన మఠములను గూర్చియు అడుగవలెను. లింగము కట్టుకొని కులము చూచుకొని పిల్లనిచ్చు మన పద్ధతిని చూచి బసవన్న ఏమనును?

తిరిగి వచ్చునపుడు అబ్బాయి లింగమును గూర్చి మరల ఎత్తినాడు. ఇన్ని చెప్పితిరి, మరి ఇది ఎందుకు కట్టుకొనవలెనని. వానికి మా యింటి పూజను గుర్తుచేసితిని. ఉదయమున మా యింట నలుగురము కూర్చుందుము. నలుగురి ఎడమ అరచేతులలో నాలుగు లింగములు. నా లింగము నాకు సంపూర్ణ శివుడు. అందులో పాలు లేదు, తరుగు లేదు. దానిని విడిచి మరియొకదానిని పూజింపను. అయినను ప్రక్కన కూర్చున్న నా భార్య అరచేతిలోనిది శివుడు గాదని నేనన్నచో, అది నా లింగమునకు గౌరవమా? నిష్ఠ వేరు, గుత్త వేరు. మా కొల్లేటిలో చేపల పెంపకమునకు గట్లు వేసినారు. చేప పెంచవలెనన్న గట్టు కావలసినదే. కాని ఎవరి గట్టు వారు పెంచుకొనుచు పోగా సరస్సే ఇరుకైనది. తమ్మిలేరు, బుడమేరు నీరు ఉప్పుటేరునకు పోవు దారి చాలక ఊళ్ళు మునిగినవి. 2006లో యంత్రములు పెట్టి ఆ గట్లు త్రెంచిరి. ఎందరో బ్రతుకుతెరువు పోయి ఏడ్చిరి, అదియు కన్నాను. గట్టులోనిది మంచినీరు గాదని నేననను. గట్టు వెలుపలిది నీరే గాదనువాడు మాత్రము కొల్లేటిని చూడనివాడు.

లింగము తీసివేయుమనియు, తీయవద్దనియు వానికి నేను చెప్పలేదు. దీక్ష యిచ్చినది గురువు, కట్టుకొన్నది వాడు. తల్లికి ఈ మాట రుచింపలేదు. నాకును చెప్పునప్పుడు కడుపులో దేవినట్లయినది. తండ్రిని గూర్చి మాత్రము ఖండితముగా చెప్పితిని: ఆయన లింగైక్యుడు. ఆయన కొరకు ఎవ్వరును ఏ స్నానమును చేయనక్కరలేదు. నీవు ఎచ్చట చేరినను ఆ పేరును మాత్రము ఎవరికిని వ్రాసి యీయకుము. అది నీ తల్లి సొత్తు. వాడు సరేయన్నాడు. ఆమె యెదుట, ఆమె చేయి పట్టుకొని అన్నాడు.

పోవుటకు లేచి, మెట్టుమీద ఆగి, “నేను వాళ్ళలో చేరితే మీ ఇంటికి రానిస్తారా మాష్టారూ?” అని అడిగినాడు. నవ్వుచునే అడిగినాడు గాని కన్నులు నవ్వలేదు. నాకు నూతివద్ద తడిసిన ఎనిమిదేండ్ల పిల్లవాడు గుర్తునకు వచ్చెను. గోడ వెలుపల నిలిచి వినిన ఆ రెండవ పిల్లవాడు మరింత గుర్తునకు వచ్చెను. లోపలికి పోయి, మేము పూజకు వాడు రాగిచెంబుతోనే మంచినీళ్ళు తెచ్చి యిచ్చితిని. ఆ దినము నాకు ఉపవాసము. వానికి గాదు. చెంబెడు నీళ్ళును త్రాగినాడు.

ఆదివారములందు ఫోను చేయుచున్నాడు. ఇంకను ఏమియు తేల్చుకొనలేదు. వారి గ్రంథము పంపిన చదువుదురా అని అడిగినాడు, పంపుమంటిని. టపాలో వచ్చినది. బసవపురాణము ప్రక్కననే పెట్టితిని, నలుబది పుటలైనవి. వాని తల్లి బజారునకు పోవుచు మా అరుగువద్ద ఆగి, “ఏమన్నాడండీ?” అని అడుగుచున్నది. లింగము మెడలోనే యున్నదట తల్లీ అని చెప్పుచున్నాను. వాడు అట్లే చెప్పినాడు.